ఈసీజీ నార్మల్ వచ్చాక: పానిక్ డిజార్డర్ చికిత్సలో నా అనుభవం

పానిక్ అటాక్ వచ్చినవాళ్ళలో చాలామంది మొదట వెళ్ళేది సైకియాట్రిస్టు దగ్గరికి కాదు, క్యాజువాలిటీకి. నేనూ అక్కడికే వెళ్ళాను. అందులో తప్పేమీ లేదు. గుండె దడదడలాడి, ఛాతీ పట్టేసి, చేతులు తిమ్మిరెక్కి, ఒళ్ళంతా చెమటలు పోసి ప్రాణం పోతోందనిపించినప్పుడు, అది గుండెపోటు కాదని ఇంట్లో కూర్చుని ఎవరికి వాళ్ళు తేల్చేసుకోకూడదు. నలభై దాటినవాళ్ళు, షుగరో బీపీయో ఉన్నవాళ్ళు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతున్నవాళ్ళు అసలే ఆగకూడదు. ముందు ఈసీజీ తీస్తారు. అనుమానం ఉంటే ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేస్తారు. గుండె కండరం దెబ్బతిన్న వెంటనే అది రక్తంలో పెరగదు కాబట్టి కొన్ని గంటలాగి రెండోసారీ చేస్తారు. ఒకసారి నెగెటివ్ వచ్చిందిగా అని మధ్యలో లేచి వచ్చేయకూడదు. వీటితోపాటు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగరు చూడాలి. థైరాయిడ్ అతిగా పనిచేసినా, ఒంట్లో రక్తం తక్కువైనా దడ వస్తుంది. ఆస్తమా ఇన్‌హేలర్‌లోని సాల్‌బ్యుటమాల్ కూడా దడ పుట్టిస్తుంది. రోజుకి ఎన్ని కాఫీలు, ముందురోజు రాత్రి మద్యం తీసుకున్నారా అన్నవి కూడా దాచకుండా చెప్పాలి.

అసలు చిక్కు ఆ రిపోర్టులన్నీ నార్మల్ వచ్చాకే మొదలవుతుంది. "ఏమీ లేదు, టెన్షన్ పడకండి" అని పంపించేస్తారు. లేదంటే "గ్యాస్" అంటారు. పాంటాప్రజోల్ రాస్తారు, ఊళ్ళో ఆర్‌ఎంపీ అయితే సెలైన్ ఎక్కిస్తాడు. సెలైన్ ఎక్కుతుండగానే తగ్గిపోతుంది కూడా. పానిక్ అటాక్ మొదలైన పది నిమిషాల్లోపే పైకెక్కి, మామూలుగా అరగంటలో దానంతటదే దిగిపోతుంది. బాటిల్ అయ్యేసరికి అంతకంటే ఎక్కువే పడుతుంది. అందుకే పేరు సెలైన్‌కి వస్తుంది, మళ్ళీ వస్తే మళ్ళీ సెలైన్. ఆ తర్వాత గుండెకి టూడీ ఎకో, టీఎంటీ, ఇంకా ఎండోస్కోపీ, బ్రెయిన్ ఎంఆర్‌ఐ. ప్రతి నార్మల్ రిపోర్టూ కొద్దిరోజులు ధైర్యమిస్తుంది, తర్వాత "అప్పుడు లేదు సరే, ఇప్పుడు వచ్చిందేమో" అన్న అనుమానం మొలుస్తుంది. నన్నడిగితే మొదటిసారి ఆ పరీక్షలు వైద్యం, కొత్త లక్షణమేదీ లేకుండా మూడోసారి చేయించుకునే అవే పరీక్షలు జబ్బులో భాగం.

సైకియాట్రిస్టు మొదటి విజిట్‌లో ఏం జరుగుతుందో తెలియకే చాలామంది వెళ్ళరు. జరిగేది ప్రశ్నలు. అటాక్ ఎక్కడున్నప్పుడు వచ్చింది, ఎంతసేపుంది, నిద్రలో వచ్చిందా, వచ్చాక ఏయే పనులు మానేశారు, మద్యం, సిగరెట్, నిద్రమాత్రలు ఉన్నాయా, దిగులు, చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నాయా, ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా. జాబితాలోని 13 లక్షణాల్లో కనీసం 4 ఒక్కసారిగా ముంచుకొస్తే అది పానిక్ అటాక్. కారణమేమీ కనిపించకుండా అటాకులు పదేపదే వస్తూ, మళ్ళీ వస్తుందేమోనన్న భయమో, దాన్ని తప్పించుకోవడానికి మార్చుకున్న అలవాట్లో నెలరోజులకు పైగా ఉంటే పానిక్ డిజార్డర్. ఒకటి రెండు అటాకులు వచ్చి పోయినవాళ్ళందరికీ జబ్బున్నట్టు కాదు. పిల్లల చదువు, డబ్బు, ఆరోగ్యం అంటూ రోజంతా ఏదో ఒకదాని మీద ఆందోళన నెలల తరబడి సాగితే అది వేరు, నలుగురిలో మాట్లాడాలంటేనే వణుకు రావడం వేరు. మందుల్లో కొన్ని అన్నింటికీ ఒకటే, థెరపీ మాత్రం దేనిదానికే. అందుకే "ఆందోళనగా ఉంది" అని ఒక్కమాటలో చెప్పి ఊరుకోకుండా, చివరి మూడు నాలుగు అటాకుల తేదీ, సమయం, చోటు, ఎంతసేపున్నదీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే ఆ విజిట్‌లో సగం పని అయిపోయినట్టే. చాలాచోట్ల ఒక స్కేలు కూడా నింపిస్తారు. పానిక్ తీవ్రత స్కేల్లో ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 28. మొదటి స్కోరు రాసి పెట్టుకోవాలి. రెండు నెలలయ్యాక "ఏం తగ్గలేదు" అనిపించే రోజున అదే అసలు సంగతి చెబుతుంది.

ఒంట్లో జరిగేది అర్థమైతే చికిత్స సగం అర్థమైనట్టే. భయం వేయగానే ఊపిరి వేగం పెరుగుతుంది. ఒంటికి అక్కర్లేనంత గాలి పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. దాంతో మెదడుకు వెళ్ళే రక్తనాళాలు కాస్త ముడుచుకుని తల తేలిపోతుంది, చుట్టూ ఉన్నవన్నీ నిజం కానట్టు అనిపిస్తాయి. రక్తంలో ఆమ్ల క్షార స్థితి మారి, కండరాలకు అందుబాటులో ఉండే కాల్షియం తగ్గుతుంది. అందుకే పెదాల చుట్టూ, వేళ్ళ చివర్లలో చీమలు పాకినట్టుంటుంది. ఇంకా ఎక్కువైతే బొటనవేలు లోపలికి మడుచుకుని, మిగతా నాలుగు వేళ్ళూ దగ్గరకు చేరి కొయ్యలా బిగుసుకుంటాయి. అది చూసి చుట్టూ ఉన్నవాళ్ళు ఫిట్స్ అనుకుంటారు, తాళాలగుత్తి చేతిలో పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు. ఎవరో ఒకరు "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని అరుస్తారు. అన్నింటికన్నా చేటు చేసేది ఆ సలహానే. అప్పటికే ఎక్కువైన గాలి ఇంకా ఎక్కువవుతుంది. కవర్లో ముఖం పెట్టి ఊపిరి తీయమనడం కూడా వద్దు. అది నిజంగా ఆస్తమానో గుండె జబ్బో అయితే ప్రాణం మీదికొస్తుంది. ఇక కళ్ళు తిరిగి పడిపోతానన్న భయం: స్పృహ తప్పేది సాధారణంగా బీపీ పడిపోయినప్పుడు, పానిక్‌లో అది మామూలుగా పెరుగుతుంది. సూదినీ రక్తాన్నీ చూస్తే పడిపోయేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి చికిత్సా వేరు.

మందుల విషయానికొస్తే, పానిక్‌కి మాత్ర పనిచేస్తుందని మొదట గట్టిగా చూపించింది 1960ల మొదట్లో న్యూయార్క్‌లో డొనాల్డ్ క్లైన్ అనే సైకియాట్రిస్టు, ఇమిప్రమిన్ అనే పాతతరం డిప్రెషన్ మందుతో. నోరెండటం, మలబద్ధకం లాంటివి ఎక్కువ కాబట్టి ఇప్పుడది రెండో వరుసలోకి వెళ్ళింది. ముందుగా రాసేవి ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు, అంటే మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచే మందులు: ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలీన్, పారోక్సెటీన్. డోసు మొదలుపెట్టే తీరులోనే కిటుకంతా ఉంది. పానిక్ ఉన్నవాళ్ళకి ఎస్సిటాలోప్రామ్ 5 మి.గ్రా.తో మొదలుపెట్టి వారం తర్వాత 10కి, సెర్ట్రలీన్ అయితే 25తో మొదలుపెట్టి వారం తర్వాత 50కి పెంచడం పద్ధతి. నేరుగా పూర్తి డోసుతో మొదలుపెడితే మొదటి వారంలో దడ, వణుకు, నిద్రలేమి పెరుగుతాయి. ఒంట్లో వచ్చే ప్రతి చిన్న మార్పుకీ ఉలిక్కిపడే మనిషికి అది చాలు, "మందు పడలేదు" అని మూడోరోజే మానేస్తాడు. చిన్న డోసుతో మొదలుపెట్టినా మొదటి పది పదిహేను రోజులు కొంత వికారం, విరేచనాలు, తలనొప్పి, కాస్త ఎక్కువ కంగారు ఉండొచ్చు. ఇవి తగ్గిపోయేవే. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సరైన డోసులో 12 వారాలు వాడినా మార్పు లేకపోతే మందు మార్చాలా అన్నది డాక్టరు చూస్తారు. ముందు తగ్గేది అటాకుల సంఖ్య, ఆ తర్వాత తీవ్రత. వస్తుందేమోనన్న భయం అన్నింటికన్నా ఆఖరున తగ్గుతుంది. అదీ థెరపీ లేకుండా పూర్తిగా తగ్గడం కష్టం.

అడగడానికి మొహమాటపడే సంగతి ఒకటుంది. ఈ మందులతో లైంగిక కోరిక తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం, ఆడవాళ్ళలో తృప్తి అందకపోవడం మామూలే. వికారంలా ఇది రెండు వారాల్లో పోదు. డాక్టరుకి చెప్పకుండా మందు మానేసేవాళ్ళలో చాలామంది అసలు కారణం ఇదేనని నా అనుమానం. చెబితే డోసు తగ్గించడమో, మందు మార్చడమో చేస్తారు. పాతికేళ్ళలోపు వాళ్ళని మొదటి వారాల్లో ఇంట్లోవాళ్ళు కాస్త కనిపెట్టుకుని ఉండాలి, చనిపోవాలన్న ఆలోచనలు వస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి. పెద్దవాళ్ళలో సోడియం పడిపోవచ్చు. వాడుతున్న బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ గానీ క్లోర్‌థాలిడోన్ గానీ కలిసి ఉంటే మరీను. మత్తుగా, తికమకగా ఉంటే "వయసు" అని వదిలేయకుండా సోడియం పరీక్ష చేయించాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పిమాత్రలు దీంతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ట్రమడాల్ అనే నొప్పిమందు కలిస్తే సెరటోనిన్ అతిగా పెరిగి ప్రమాదం. నడుంనొప్పికో పంటినొప్పికో ఎక్కడికెళ్ళినా ఈ మందు పేరు చెప్పాలి.

ఇక క్లొనజెపామ్, అల్ప్రాజోలం అనే మత్తు రకం మాత్రలు. వేసుకున్న అరగంట, గంటలో నెమ్మదిస్తుంది, అందుకే అందరికీ ఇష్టం. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ పనిచేయడం మొదలయ్యేలోపు రెండు నుంచి నాలుగు వారాలు క్లొనజెపామ్ 0.25 లేదా 0.5 మి.గ్రా. ఇవ్వడం వరకూ సబబే. మన దగ్గర తరచూ రాసేది ఎస్సిటాలోప్రామ్ 10, క్లొనజెపామ్ 0.5 కలిపిన ఒకే మాత్ర. చీటీలో ఒకే పేరు, అట్ట మీద ఒకే పేరు. రెండు మందులు వేసుకుంటున్నామని చాలామందికి తెలియదు. దాంతో రెండు రకాలుగా దెబ్బతింటారు. ఒకళ్ళు పాత చీటీతోనే షాపులో కొంటూ ఏళ్ళ తరబడి క్లొనజెపామ్ కొనసాగిస్తారు. ఇంకొకళ్ళు "తగ్గింది కదా" అని ఒకరోజు టక్కున మానేస్తారు. రెండు మందులూ ఒక్కసారే ఆగిపోతాయి, నిద్ర పోతుంది, దడ వస్తుంది, పాత జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్ళీ అదే మాత్ర. అట్ట తిప్పి సన్నక్షరాలు చదవండి. కలిపిన మాత్ర అయితే రెండూ విడివిడిగా రాయమని అడగండి. ఒకదాన్ని ఉంచి ఇంకోదాన్ని తగ్గించాలంటే అదొక్కటే దారి.

అల్ప్రాజోలం ఇంకా గడుసుది. దాని ప్రభావం త్వరగా దిగిపోతుంది కాబట్టి తర్వాతి డోసుకి ముందే కంగారు మొదలవుతుంది. మనిషి ఆ కంగారుని జబ్బు ఖాతాలో వేసుకుంటాడు. నెలల తరబడి వాడినదాన్ని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా వస్తాయి. కల్తీ కల్లులో కలిపేది తరచూ ఇదే. ఆ కల్లు దొరక్క చేతులు వణుకుతూ, మతి తప్పి ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి చేరినవాళ్ళ వార్తలు తెలంగాణలో చదవనివాళ్ళుండరు. 2014 మార్చి నుంచి అల్ప్రాజోలం హెచ్1 షెడ్యూల్ అనే మందుల జాబితాలో ఉంది. షాపువాళ్ళు కొన్నవాళ్ళ పేరు, రాసిన డాక్టరు పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్ళు ఉంచాలి. ఇలాంటి మందుల్ని చాలాకాలం వాడినవాళ్ళు డాక్టరు పర్యవేక్షణలో రెండు వారాలకోసారి పది నుంచి పాతిక శాతం చొప్పున తగ్గించుకుంటూ రావాలి. చివరి పావు మాత్ర దగ్గరే అన్నింటికన్నా నిదానం కావాలి. గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళు ఈ అట్టల్ని ఊరికే బ్యాగులో పడేసుకోకూడదు, అక్కడివి కఠినమైన చట్టాలు. ఆ దేశపు అనుమతి నియమాలు చూసుకునే తీసుకెళ్ళాలి.

దడ తగ్గించే బీపీ మందు ప్రొప్రనొలాల్ గురించి రెండు ముక్కలు. స్టేజీ ఎక్కే ముందు చేతుల వణుకు తగ్గించడానికి పనికొస్తుంది, పానిక్ డిజార్డర్‌ని మాన్పదు, ఆస్తమా ఉన్నవాళ్ళు వేసుకోకూడదు.

థెరపీ అంటే చాలామందికి కౌన్సెలర్ ధైర్యం చెప్పడం. పానిక్‌కి పనిచేసే సీబీటీ (ఆలోచననీ అలవాట్లనీ మార్చే థెరపీ) అది కాదు. 1986లో ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ క్లార్క్ అనే సైకాలజిస్టు చెప్పిన వలయమే దానికి పునాది: ఒంట్లో ఏదో చిన్న మార్పు, దానికి "గుండె ఆగిపోతోంది" అన్న అర్థం, దాంతో భయం, భయంతో ఆ మార్పు రెట్టింపు, అర్థం ఇంకా బలపడటం. వారానికోసారి ముప్పావుగంట నుంచి గంట, మొత్తం పది పన్నెండు సెషన్లు ఉంటాయి. ప్రతి సెషన్‌కీ హోంవర్క్ ఉంటుంది. హోంవర్క్ ఇవ్వని, ప్రతివారం మన కష్టాలు విని పంపించేసే చోట సీబీటీ జరగడం లేదని అర్థం. వెళ్ళేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "పానిక్‌కి ఎక్స్‌పోజర్ చేయిస్తారా?" ఎక్స్‌పోజర్ అంటే భయపడేదాన్ని కావాలని ఎదుర్కొనే సాధన. క్లినికల్ సైకాలజిస్టుకి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూసుకోవాలి.

మొదటి వారాలు డైరీ. నాలుగు గడులు: ఒంట్లో ఏం తెలిసింది, ఏం జరుగుతుందని అనుకున్నాను, ఏం చేశాను, చివరికి ఏం జరిగింది. నాలుగో గడి నింపకుండా వదిలేసేవాళ్ళు ఎక్కువ, తీరా చూస్తే మందు లాంటిది అదే.

తర్వాత అసలు పని: భయపెట్టే లక్షణాలని మనమే కావాలని తెచ్చుకోవడం. గుండె జబ్బు, ఆస్తమా, ఫిట్స్ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరుని అడగకుండా ఇవి చేయకూడదు. మిగతావాళ్ళూ మొదటిసారి థెరపిస్టు ఎదుటే చేయాలి. కుర్చీలో కూర్చుని ఒక నిమిషం పాటు నోటితో వేగంగా, లోతుగా ఊపిరి: తల తేలిపోవడం, వేళ్ళ తిమ్మిరి అచ్చం అటాక్‌లా వస్తాయి. ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో రెండు నిమిషాలు ఊపిరి: ఆయాసం. కొబ్బరిబోండం స్ట్రా లావుగా ఉంటుంది, పనికిరాదు, జ్యూస్ డబ్బాకి అంటించి ఇచ్చే సన్నది కావాలి. ఆఫీసు తిరుగుడు కుర్చీలో నిమిషం పాటు గిరగిరా తిరగడం, ఉన్నచోటే నిమిషం పరుగు, అరనిమిషం తల అటూ ఇటూ ఆడించడం. ఒక్కోదాని తర్వాత మూడు అంకెలు రాయాలి, ప్రతిదీ పదికి: లక్షణం ఎంత, భయం ఎంత, నిజం అటాక్‌కి ఎంత దగ్గర. ఎక్కువ దగ్గరగా ఉన్నవి ఎంచుకుని, భయం రెండుకి దిగేదాకా రోజూ తిరిగి తిరిగి చేయాలి. లక్షణం అంకె తగ్గనక్కర్లేదు. తల అంతే తిరుగుతుంది, భయం మాత్రం ఎనిమిది నుంచి రెండుకి పడుతుంది. ఆ రెండు అంకెలూ విడిపోవడం కాగితం మీద కనిపించిన రోజున ఈ చికిత్స దేనికోసమో తెలుస్తుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు దాదాపు అందరివీ ఒకటే. తిమ్మిరి మొదలవగానే ఇరవయ్యో సెకనులో ఆపేయడం, ఆపగానే నీళ్ళు తాగి నాడి పట్టుకుని చూసుకోవడం, థెరపిస్టు గదిలో చేసి ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు చేయకపోవడం. క్లొనజెపామ్ వేసుకుని చేస్తే మనసు నేర్చుకునేది ఒక్కటే: "మాత్ర ఉంది కాబట్టి ఏం కాలేదు."

రక్షణ అలవాట్ల పని కూడా అదే. జేబులో మాత్ర, చేతిలో వాటర్ బాటిల్, బస్సులో డోరు పక్క సీటు, సినిమా హాల్లో చివరి కుర్చీ, వేలికి ఆక్సీమీటరు, స్మార్ట్‌వాచ్‌లో గంటకి పదిసార్లు పల్స్, ఎక్కడికెళ్ళినా తోడు. ఇవి ఉన్నంతకాలం ప్రమాదం తప్పిందన్న ఖ్యాతి వాటికే పోతుంది. ఒక్కొక్కటిగా తీసేయడం కూడా మెట్ల పట్టికలో, అంటే తేలికదాని నుంచి కష్టమైనదాని దాకా వరుసగా, రాసుకోవాలి. హైదరాబాద్ మెట్రో అంటే భయపడే మనిషికి పట్టిక ఇలా ఉంటుంది: స్టేషన్‌లో ప్లాట్‌ఫాం మీద పావుగంట నిలబడటం, మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి తోడుతో ఒక్క స్టాపు, అదే ఒంటరిగా, తర్వాత నాంపల్లి దాకా, సాయంత్రం రద్దీలో తలుపుకి దూరంగా నిలబడి, చివరికి మాత్ర, నీళ్ళు ఇంట్లో వదిలేసి. ప్రతి మెట్టుకీ ముందు "ఏం జరుగుతుందనుకుంటున్నాను" అన్నది ఒక వాక్యంలో రాయాలి, వచ్చాక పక్కన జరిగింది రాయాలి. వారానికోసారి చేస్తే ఫలితం రాదు, నాలుగైదు రోజులు చేయాలి. భయం బాగా పెరిగి ఉన్నప్పుడు రైలు దిగిపోతే మర్నాడు ఆ మెట్టు ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది. దిగాల్సి వచ్చినా తర్వాతి రైలే ఎక్కాలి. తిరుమల క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటు తలుపులు వేస్తారని ఏళ్ళుగా దర్శనం మానుకున్నవాళ్ళకీ ఇదే పద్ధతి. అది మాత్రం పట్టికలో పైమెట్టు, దాంతో మొదలుపెట్టకూడదు.

నిదానంగా ఊపిరి తీయడం మీద థెరపిస్టుల్లోనే రెండు మాటలున్నాయి. నాలుగు సెకన్లు ముక్కుతో లోపలికి, ఆరు సెకన్లు బయటికి, లోతుగా కాకుండా నెమ్మదిగా: రోజూ పది నిమిషాలు మామూలుగా ఉన్నప్పుడు సాధన చేస్తే మంచిదే. అటాక్‌ని ఆపే ఆయుధంగా వాడితే అదీ జేబులో మాత్ర లాంటిదే అవుతుందన్నది నా పక్షం. అటాక్ వచ్చినప్పుడు చేయాల్సింది తక్కువ: చేస్తున్న పని వీలైనంత కొనసాగించడం, నాడి చూసుకోకపోవడం, దాన్ని రానిచ్చి పోనివ్వడం. ఇంట్లోవాళ్ళు పక్కన కూర్చుని "ఇది ఇంతకుముందు వచ్చిందే, తగ్గుతుంది" అని ఒకసారి చెబితే చాలు. పదిసార్లు బీపీ చూడటం, కారు తీయడం వద్దు. కానీ నొప్పి తీరు ఎప్పుడూ లేనట్టుంటే, మెట్లెక్కితే వచ్చి కూర్చుంటే తగ్గుతుంటే, స్పృహ తప్పితే మళ్ళీ ఆసుపత్రికే.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ళకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైను టెలిమానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రులే కాదు, బోధనాసుపత్రులన్నింటిలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ప్రభుత్వాసుపత్రుల్లో సెషన్లు వారం వారం దొరకడం కష్టం, అక్కడ మందులు తీసుకుంటూ సీబీటీ వీడియో కాల్‌లో చేయించుకోవచ్చు, స్ట్రా వ్యాయామాలకి కూడా అది సరిపోతుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు మానసిక జబ్బుల్ని మిగతా జబ్బులతో సమానంగా చూడాలి. అయితే చాలా పాలసీల్లో ఓపీ ఖర్చే రాదు, ఈ చికిత్సలో ఉండేదంతా ఓపీయే.

బాగయ్యాక మందు మానడానికి తొందర అక్కర్లేదు. పూర్తిగా తగ్గాక కూడా కనీసం ఆరు నెలల నుంచి ఏడాది వాడి, తర్వాత కొన్ని వారాల నుంచి నెలల మీద తగ్గిస్తారు. పరీక్షలు, పెళ్ళి, ఉద్యోగం మార్పు ఉన్న నెలల్లో మొదలుపెట్టకపోవడం మేలు. డోసు తగ్గించిన రెండు మూడు రోజుల్లో తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, తల తిరగడం, చిరాకు, విచిత్రమైన కలలు వస్తే అది ఎక్కువగా మందు తగ్గినందుకు వచ్చేది. సాధారణంగా వారం రెండు వారాల్లో పోతుంది, పారోక్సెటీన్‌తో ఎక్కువ, ఫ్లూఆక్సెటీన్‌తో తక్కువ. వారాలు గడిచాక మెల్లగా అటాక్ భయం, మళ్ళీ డోరు పక్క సీటు వెతుక్కోవడం మొదలైతే అది జబ్బు తిరగబెట్టడం. మొదటిదానికి తగ్గించే వేగం మార్చాలి, రెండోదానికి పాత డోసు, ఎక్స్‌పోజర్ పట్టిక రెండూ మళ్ళీ బయటికి తీయాలి. ఏది ఏదో డాక్టరుకి తేలాలంటే తేదీలు కావాలి, కాబట్టి డోసు తగ్గించిన ప్రతిసారీ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవాలి. మందు పూర్తిగా ఆగాక కూడా స్ట్రా వ్యాయామం, కుర్చీ వ్యాయామం నెలకోసారి చేసి మూడు అంకెలూ రాస్తుండాలి. భయం అంకె వరుసగా రెండు నెలలు నాలుగు దాటితే అటాక్ వచ్చేదాకా ఆగకుండా థెరపిస్టుకి ఫోన్ చేయాలి.